ఇరవై డాలర్ల సాకెట్ సెట్టు

(డాలస్ దగ్గర తెలుగువాళ్ల వారాంతపు సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఆదివారం మధ్యాహ్నం పూట, ఇంటి పనులన్నీ పక్కనపెట్టి, పానాల గురించి వినడానికి ఇంతమంది వచ్చారు. నాకు చాలా సంతోషంగా ఉంది.

ఈ బల్ల మీదున్న రేకు పెట్టె చూస్తున్నారు కదా. నాలుగేళ్ల కిందట మా వీధి చివర ఒక పెద్దాయన ఇల్లు ఖాళీ చేస్తూ గరాజ్ సేల్ పెట్టారు. పాత కుర్చీలు, గ్రామఫోన్ రికార్డులు, తోట గొట్టాల మధ్య ఈ పెట్టె ఉంది. ధర అడిగితే ఇరవై డాలర్లు అన్నారు. బేరం ఆడబుద్ధి కాలేదు. మూత తీస్తే 3/8 అంగుళం డ్రైవ్ రాచెట్ ఒకటి, ఎక్స్‌టెన్షన్ రాడ్డు ఒకటి, చిన్నదాన్నుంచి పెద్దదాకా వరసగా సాకెట్లు. ప్రతి సాకెట్ మీదా క్రాఫ్ట్స్‌మన్ అని పేరు, పక్కన చిన్న 'వీ' అక్షరం, యూఎస్‌ఏ అని ముద్ర. ఒక్క గుంట మాత్రం ఖాళీ. 7/16 సాకెట్ ఉండాల్సిన చోటది. "1983లో నా పికప్ ఇంజిన్ కింద ఎక్కడో పడిపోయింది, ఎంత వెతికినా దొరకలేదు" అన్నారాయన. నలభై ఏళ్లైనా ఆ సంవత్సరం ఆయనకి గుర్తుంది.

సాకెట్ ఎప్పుడూ పట్టుకోనివాళ్ల కోసం ఒక్క మాట. మామూలు పానా నట్టుని పక్కనుంచి రెండు వైపులే పట్టుకుంటుంది. సాకెట్ నట్టు మీద టోపీలా కూర్చుని ఆరు వైపులా పట్టుకుంటుంది. మనవైపు బాక్స్ పానా అంటారు. దీని వెనక చదరపు రంధ్రంలో రాచెట్ పిడి బిగుసుకుంటుంది, ఆ చదరం కొలతనే డ్రైవ్ అంటారు. ఇటు తిప్పితే నట్టు కదులుతుంది, అటు తిప్పితే టకటకమని వెనక్కి వస్తుంది, పానా తీసి మళ్లీ పెట్టే పని ఉండదు. విజయవాడ ఆటోనగర్‌లో మా మావయ్య లారీ షెడ్డులో నా వేసవి సెలవులు గడిచాయి. మంచి పానాల పెట్టె ఉన్న మేస్త్రీ ఆ షెడ్డులోకి నడిచొస్తే కుర్రాళ్లు లేచి దారి ఇచ్చేవాళ్లు. ఆ పెట్టె ఎవరూ ముట్టుకునేవాళ్లు కాదు. అది ఆయన సంపాదన, ఆయన పరువు. అందుకే ఈ దేశంలో ఒక మామూలు ఉద్యోగి గరాజ్‌లో ఇంత మంచి సెట్టు కనిపించినప్పుడు మొదట నాకు ఆశ్చర్యం వేసింది.

నాణ్యతలో ఏ లోటూ లేకుండా, అమెరికాలోనే తయారై, నెల జీతగాడు కొనగలిగే ధరకి ఇలాంటి సెట్టు ఎలా దొరికింది? ఆ తర్వాత ఎందుకు దొరక్కుండా పోయింది? ఈ రెండు ప్రశ్నలకీ జవాబు ఒక్కటే అని నా నమ్మకం. అది మీ ముందు పెట్టడానికే వచ్చాను.

1927లో సియర్స్ అనే పెద్ద దుకాణాల కంపెనీ, మారియన్-క్రాఫ్ట్స్‌మన్ అనే ఒక చిన్న పనిముట్ల కంపెనీ దగ్గర క్రాఫ్ట్స్‌మన్ అనే పేరుని 500 డాలర్లకి కొనుక్కుంది. కొన్నది పేరు మాత్రమే. సియర్స్ ఎప్పుడూ తనే పానా చెయ్యలేదు. చేసేవాళ్లు వేరు, అమ్మేవాళ్లు వేరు. మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో మూర్ డ్రాప్ ఫోర్జింగ్ అని ఒక కంపెనీ ఉండేది. ఫోర్జింగ్ అంటే లోహాన్ని అచ్చుల్లో కొట్టి, నొక్కి ఆకారం తేవడం. నా పెట్టెలో సాకెట్ల మీదున్న 'వీ' గుర్తు వాళ్లది. సియర్స్ వాళ్లకి గంపగుత్తగా ఆర్డరు ఇచ్చేది. ఈ ఏడాది ఇన్ని, వచ్చే ఏడాదీ ఇన్ని, ఆ పై ఏడాదీ ఇన్ని.

ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే నా మాటకి మూలం ఇదే. చౌక అనగానే మనకి తక్కువ కూలీ గుర్తొస్తుంది. ఈ సెట్టు విషయంలో అది నిజం కాదు. వీటిని చేసిన పనివాళ్లు ఆ జీతంతో ఇళ్లు కట్టుకున్నారు, పిల్లల్ని కాలేజీలకి పంపారు. సాకెట్ చెయ్యడంలో అసలు ఖర్చంతా మొదటి సాకెట్‌దే. అచ్చులు చెక్కాలి, యంత్రాన్ని సరిచూసుకోవాలి, కొలిమి వేడి కుదుర్చుకోవాలి, పూత తొట్లు నింపాలి. అవన్నీ అయ్యాక పది వేలు చేసినా పది లక్షలు చేసినా ఆ మొదటి ఖర్చు మారదు. పది లక్షల మీద పంచుకుంటే ఒక్కోదాని వాటా చిల్లర డబ్బుల్లోకి దిగిపోతుంది. రేపు కూడా కొంటాడనే నమ్మకం ఉన్న ఒక పెద్ద కొనుగోలుదారు ఉండబట్టే ఆ ధర సాధ్యమైంది. ఆ కొనుగోలుదారు మొహం చాటేసిన రోజున ఈ లెక్క మొత్తం తలకిందులైంది.

ఇంకో సంగతి వారంటీ. క్రాఫ్ట్స్‌మన్ చేతి పనిముట్టు విరిగితే ఏ సియర్స్ దుకాణానికైనా తీసుకెళ్లి బల్ల మీద పెడితే చాలు, మారు మాట్లాడకుండా ఇంకోటి ఇచ్చేవాళ్లు. రసీదు అడిగేవాళ్లు కాదు. ఎప్పుడు కొన్నావు, ఎవరు కొన్నారు అనే ప్రశ్నే లేదు. తాత కొన్న రాచెట్‌ని మనవడు తీసుకెళ్లి మార్చుకునేవాడు. ఆ మాట నిలబెట్టుకోవాలంటే వస్తువు విరగకూడదు. విరిగితే నష్టం అమ్మేవాడిదే కాబట్టి, చేసేవాడి మీద నాణ్యత కోసం ఒత్తిడి ఎప్పుడూ ఉండేది. వస్తువు చౌకగా ఉండటం, గట్టిగా ఉండటం, ఇక్కడే తయారవడం, ఈ మూడూ ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడ్డాయి.

సాకెట్ ఎలా పుడుతుందో చెప్తాను, నాకు ఇష్టమైన భాగం ఇది. నేను మెకానికల్ ఇంజినీర్ని. ఈ దేశం వచ్చిన కొత్తలో ఒహాయోలో ఒక ఫోర్జింగ్ షాపులో క్వాలిటీ విభాగంలో పనిచేశాను. క్రోమ్ వెనేడియం ఉక్కు లావుపాటి తీగ చుట్టలుగా వస్తుంది. యంత్రం దాన్ని నిటారుగా సాగదీసి, వేలెడంత ముక్కలుగా కోస్తుంది. ఆ ముక్కని కాల్చరు. చల్లగా ఉండగానే ఒకదాని తర్వాత ఒకటి నాలుగైదు అచ్చుల్లో పెట్టి టన్నుల బరువుతో నొక్కుతారు. ఒక దెబ్బకి గుండ్రం అవుతుంది, ఇంకో దెబ్బకి ఒక వైపు ఆరు పలకల గుంట పడుతుంది, మరో దెబ్బకి రెండో వైపు చదరపు రంధ్రం పడుతుంది. ఉక్కు ముద్ద పిండిలా ఒదిగిపోతుంది. ఆ తర్వాత లేత్ మీద పై భాగం సాపు చేస్తారు, సైజు అంకె కొడతారు, కొలిమిలో ఎర్రగా కాల్చి నూనెలో ముంచుతారు, మళ్లీ కొంచెం వేడి చేసి మెత్తబరుస్తారు. గట్టిదనం ఎక్కువైతే సాకెట్ గాజులా పగులుతుంది, తక్కువైతే నట్టు మూలల దగ్గర సాగిపోతుంది. ఆ రెంటి మధ్య ఉన్న సందు చాలా సన్నం. చివర్లో రాళ్లతో కలిపి డ్రమ్ములో దొర్లించి నునుపు చేసి, నికెల్ పూత, దాని మీద క్రోమ్ పూత వేస్తారు.

ఆ షాపులో ఒక డై సెట్టర్ ఉండేవాడు. అచ్చులు బిగించడం, సరిచెయ్యడం ఆయన పని. ముప్పై ఏళ్లుగా అదే పని. ఒకరోజు నేను ఆయనతో మాట్లాడుతున్నాను. వెనక ఎనిమిది యంత్రాలు హోరెత్తిపోతున్నాయి. మాట మధ్యలో ఆపి, చెయ్యెత్తి, గబగబా నడిచి వెళ్లి ఐదో యంత్రం ఆపేశాడు. అచ్చు బయటికి తీసి నా చేతికిచ్చాడు. నాకేమీ కనపడలేదు. భూతద్దంలో చూస్తే మూల దగ్గర తల వెంట్రుక అంత పగులు. ఇంకో గంట నడిస్తే అచ్చు ముక్కలై యంత్రం కూడా పాడయ్యేది. "శబ్దం మారింది" అన్నాడు, అంతే. నాకు ఎనిమిది యంత్రాల హోరే వినపడింది. ఆయనకి ఎనిమిది వేరువేరు గొంతులు వినపడ్డాయి. కొన్నేళ్ల తర్వాత యాజమాన్యం ఆ షాపు మూసేసింది. యంత్రాలు వేలంలో పోయాయి. ఏ సైజుకి ఏ అచ్చుకి ఎంత సందు ఇవ్వాలో ఆయన పెన్సిల్‌తో రాసుకున్న నోటు పుస్తకం ఉండేది. అది చెత్త డబ్బాలోకి వెళ్లిందని తర్వాత ఫోన్‌లో చెప్పాడు. వేలంలో ఆ పుస్తకానికి ధర లేదు. ఆ రోజు నా కడుపు తరుక్కుపోయింది, ఇవాళ్టికీ ఆ బాధ పోలేదు.

ఈ పనితనం ఒక్క తరంలో పుట్టింది కాదు. స్ప్రింగ్‌ఫీల్డ్‌లోనే ఎందుకు పానాలు చేశారు? ఆ ఊళ్లో 1790ల నుంచి ప్రభుత్వ తుపాకుల కర్మాగారం ఉండేది. ఒక తుపాకీ భాగం ఇంకో తుపాకీలో సరిగ్గా అమరేలా చెయ్యాలనే పట్టుదల అక్కడ దశాబ్దాల పాటు సాగింది. తుపాకీ కట్టె వంపులని నమూనా చూసి అచ్చంగా అలాగే చెక్కే లేత్‌ని థామస్ బ్లాంచర్డ్ అక్కడే నడిపించాడు. ఆ కర్మాగారం చుట్టూ, కనెక్టికట్ నది వెంబడి, అచ్చులు చెక్కేవాళ్లు, కొలతల పరికరాలు చేసేవాళ్లు, ఫోర్జింగ్ చేసేవాళ్లు వందల సంఖ్యలో స్థిరపడ్డారు. తండ్రి ఒక షాపులో, కొడుకు పక్క షాపులో. 1968లో ప్రభుత్వం ఆ కర్మాగారాన్ని మూసేసింది. పక్కనే కనెక్టికట్‌లో న్యూ బ్రిటన్ అనే ఊరిని హార్డ్‌వేర్ నగరం అని పిలిచేవాళ్లు. పనిముట్ల కంపెనీ స్టాన్లీ 1843లో మొదలైంది అక్కడే.

అసలు ఈ విడి పిడి, విడి సాకెట్ అనే ఆలోచన కూడా ఆ మార్పిడి భాగాల సంప్రదాయం లోంచి వచ్చిందే. 1920 ముందు చాలామంది మెకానిక్కులకి ప్రతి సైజుకీ పిడితో సహా ఒక పానా కావాల్సి వచ్చేది. మిల్వాకీలో జోసెఫ్ జాన్సన్ అనే కుర్రవాడు ఐదు పిడులు, పది సాకెట్లు చాలు, ఎలా కావాలంటే అలా కలుపుకోవచ్చు అన్నాడు. ఐదు కలిసి యాభై పని చేస్తాయి అనేది వాళ్ల ప్రచారం. స్నాప్-ఆన్ కంపెనీ అలా పుట్టింది.

నా పెట్టెలో రాచెట్ తల వెనక ఈ చిన్న బటన్ చూడండి. ఇది నొక్కితే సాకెట్ ఊడి చేతిలో పడుతుంది. నూనె చేతులతో సాకెట్ పీకడానికి అవస్థ పడినవాళ్లకి ఈ బటన్ విలువ తెలుస్తుంది. దీన్ని కనిపెట్టింది పీటర్ రాబర్ట్స్ అనే కుర్రవాడు. సియర్స్ దుకాణంలోనే గుమాస్తా, అప్పటికి పద్దెనిమిదేళ్లు. 1964లో పేటెంటుకి దరఖాస్తు పెట్టాడు. కంపెనీ అతనితో ఇది పెద్దగా అమ్ముడుపోయే వస్తువు కాదన్నట్టు మాట్లాడి, ముక్కకి రెండు సెంట్ల చొప్పున, గరిష్ఠంగా 10,000 డాలర్లు ఇచ్చేలా ఒప్పందం రాయించుకుంది. 1975 నాటికి అలాంటి రాచెట్లు 1.9 కోట్లకి పైగా అమ్మి, 4.4 కోట్ల డాలర్లకి పైగా లాభం చేసుకుందని కోర్టు రికార్డులో ఉంది. అతను కేసు వేశాడు. జ్యూరీ 10 లక్షల డాలర్లు ఇవ్వమంది. 1978లో అప్పీలు కోర్టు కూడా అతని పక్షానే నిలిచింది. ఈ కథ ఎందుకు చెప్తున్నానంటే, ఆ మంచి రోజుల్లో అందరూ మంచివాళ్లే అనుకోవద్దు. దుకాణం అప్పుడూ లాభమే చూసుకుంది. కాకపోతే ఆ లాభం ఇక్కడ తయారు చెయ్యడంలో ఉన్నంతకాలం ఇక్కడ తయారైంది.

ఇక పతనం గురించి. దీన్ని ఒక్క మాటలో చైనా అని తేల్చేస్తారు చాలామంది. నేను ఒప్పుకోను. చైనా 2001 డిసెంబరులో ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరింది, దాని ప్రభావం చాలా పెద్దది. ఈ దేశంలో తయారీ ఉద్యోగాలు 1979 మధ్యలో సుమారు 1.95 కోట్లు ఉండేవి, 2010 మొదట్లో 1.15 కోట్లకి పడిపోయాయి. అందులో ఎక్కువ భాగం 2000 తర్వాత పోయినవే. కానీ సాకెట్ల సంగతిలో తలుపు లోపలినుంచే తెరుచుకుంది.

1990ల మొదట్లో డానహర్ అనే కంపెనీ చేతికి ఈ పాత ఫోర్జింగ్ షాపులు ఒక్కొక్కటే వచ్చి చేరాయి, క్రాఫ్ట్స్‌మన్ చేతి పనిముట్లలో చాలావరకు చేసేది ఆ కంపెనీయే అయింది. ఒకే చోట ఎక్కువ చేస్తే ఖర్చు తగ్గుతుందని షాపులు కలిపేశారు. ఒక షాపు మూస్తే అందులోని మనుషులు ఇంకో రాష్ట్రానికి వెళ్లరు, యంత్రాలే వెళ్తాయి. అదే సమయంలో హోమ్ డిపో, లోస్ లాంటి భారీ దుకాణాలు సొంత పేర్లతో రంగంలోకి దిగాయి. ఒకరిది హస్కీ, ఒకరిది కోబాల్ట్. మొదట్లో అవి కూడా అమెరికాలో చేసినవే. నిజానికి ఆ పోటీ రోజుల్లో కొన్నవాళ్లు అదృష్టవంతులు. మూడు దుకాణాలు ఒకరిని మించి ఒకరు ధర తగ్గించి ఇక్కడి సరుకు అమ్మాయి. క్రిస్మస్‌కి, ఫాదర్స్ డేకి పెద్ద పెద్ద సెట్లు గుట్టలుగా పేర్చేవాళ్లు. కానీ ఆ ధర యుద్ధంలో తగ్గించడానికి ఇంకేమీ మిగలనప్పుడు, చివరికి మార్చింది తయారయ్యే చోటుని. ఒకరి తర్వాత ఒకరు తైవాన్, చైనాల వైపు తిరిగారు.

2005లో సియర్స్, కేమార్ట్ అనే ఇంకో దుకాణాల కంపెనీ కలిశాయి. దుకాణాలు పాడుబడుతున్నా డబ్బు పెట్టలేదు. 2010లో డానహర్ తన పనిముట్ల విభాగాన్ని కూపర్ అనే ఇంకో కంపెనీ విభాగంతో కలిపి ఏపెక్స్ టూల్ గ్రూప్ చేసింది. 2013లో అది కూడా ఒక పెట్టుబడి సంస్థకి అమ్ముడుపోయింది. ఆ చుట్టుపక్కల ఏళ్లలోనే క్రాఫ్ట్స్‌మన్ సాకెట్ల మీద యూఎస్‌ఏ ముద్ర మాయమైంది. దుకాణాల్లో ఒకే సెట్టు రెండు రకాలు కలిసి ఉండేవి. కొనేవాళ్లు పెట్టెలు తెరిచి, ముద్రలు చూసి, పాత సరుకు ఏరుకుని తీసుకెళ్లేవాళ్లు. 2018 అక్టోబరులో సియర్స్ దివాలా పిటిషన్ వేసింది.

ఎస్‌కే అని ఇంకో మంచి పేరు ఉండేది. 1921 నాటి షికాగో కంపెనీ. అక్కడి పనివాళ్లకి 2009లో యాజమాన్యం ముందు మాట మాత్రం చెప్పకుండా ఆరోగ్య బీమా ఆపేసింది. ఆగస్టులో వాళ్లు సమ్మెకి దిగారు. మరుసటి ఏడాది కంపెనీ దివాలా తీసింది. ఐడియల్ అనే ఇలినాయ్ సంస్థ కొని కొన్నాళ్లు నిలబెట్టింది. 2021లో అది చైనాలోని గ్రేట్‌స్టార్ చేతికి వెళ్లింది. 1890లో పుట్టిన ఆర్మ్‌స్ట్రాంగ్ అనే పనిముట్ల కంపెనీ కథ 2017లో సౌత్ కెరోలినాలోని సమ్టర్ ఫ్యాక్టరీ మూతతో ముగిసింది. ఈ పేర్లన్నీ ఒకప్పుడు విమానాల షెడ్లలో, రైల్వే వర్క్‌షాపుల్లో ఇంటి పేర్లలా పిలుచుకున్నవి.

మన హైదరాబాద్‌ వాళ్లు ఇక్కడ ఉన్నారు. కవాడిగూడలో ప్రాగా టూల్స్ ఫ్యాక్టరీ గుర్తుండే ఉంటుంది. అక్కడ నేర్చుకున్న లేత్ మేస్త్రీలు నగరమంతా షాపులు పెట్టారు. ఆ గేటు మూతపడిన బాధ తెలిసినవాళ్లకి నేను స్ప్రింగ్‌ఫీల్డ్ గురించి విడమర్చి చెప్పక్కర్లేదు.

ఇప్పుడు మన పక్క ఊరి సంగతి. 2017లో స్టాన్లీ బ్లాక్ అండ్ డెక్కర్ సుమారు 90 కోట్ల డాలర్ల ఒప్పందంతో క్రాఫ్ట్స్‌మన్ పేరు కొనుక్కుంది. ఐదు వందలకి కొన్న పేరది. 2019 మేలో ఫోర్ట్‌వర్త్‌లో కొత్త ఫ్యాక్టరీ కడతామని ప్రకటించారు. 9 కోట్ల డాలర్ల పెట్టుబడి, 4,25,000 చదరపు అడుగులు, 500 ఉద్యోగాలు. సాకెట్లు, రాచెట్లు, పానాలు మళ్లీ అమెరికాలో, అదీ అత్యంత ఆధునిక యంత్రాలతో, చైనా ఖర్చుకి దీటుగా చేస్తామన్నారు. నేను ఆ రోజు ఇంట్లో పండగ చేసుకున్నాను. మా ఇంటినుంచి కారులో వెళ్లొచ్చే దూరంలో సాకెట్లు తయారవుతాయని మా అమ్మాయికి చెప్పాను. కట్టడం అయ్యాక ఆ దారిన వెళ్లినప్పుడల్లా కారు నెమ్మదిగా నడిపి చూసేవాణ్ణి.

ఆ సాకెట్లు అనుకున్నట్టు రాలేదు. కోవిడ్ వచ్చింది, ఆలస్యమైంది. కానీ కోవిడ్ తగ్గాక కూడా యంత్రాలు అనుకున్నట్టు నడవలేదు. దుకాణాల్లోకి వచ్చిన సరుకు చాలా తక్కువ. 2023 మార్చిలో ఫ్యాక్టరీ మూసేస్తున్నామని ప్రకటించారు. ఐదు వందల మందికి ఉద్యోగాలన్న చోట అప్పటికి ఉన్నది సుమారు 175 మంది. ఆ వార్త చదివి చాలాసేపు మాట్లాడలేకపోయాను.

డబ్బుంది. స్థలముంది. మార్కెట్‌లో పేరుంది. జనం కొనడానికి సిద్ధంగా ఉన్నారు, పెట్టె మీద జెండా బొమ్మ చూస్తే ఇంకో పది డాలర్లు ఎక్కువ పెట్టేవాళ్లు కూడా ఉన్నారు. ఏది తక్కువైంది? లోపల ఏం జరిగిందో నేను కళ్లతో చూడలేదు, కాబట్టి నా వృత్తి అనుభవంతో నేను అనుకునేది మాత్రమే చెప్తాను. ఫోర్జింగ్ అనేది యంత్రం కొని మీట నొక్కితే వచ్చే పని కాదు. ఉక్కు చుట్ట మారితే నడక మారుతుంది. అచ్చు అరిగేకొద్దీ సాకెట్ కొలత జరుగుతుంది. వీటన్నిటినీ రోజూ కనిపెట్టుకుని సరిచేసే మనుషులు కావాలి. ఆ మనుషులు పదేళ్ల కిందటే ఇళ్లకి వెళ్లిపోయారు. శబ్దం మారిందని చెయ్యెత్తే మనిషి ఒక్క ప్రకటనతో, ఒక్క ఏడాదిలో తయారవ్వడు.

ఇక్కడ న్యాయంగా ఒక మాట. తైవాన్ సాకెట్లు చెత్త అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. తైచుంగ్ నగరం చుట్టుపక్కల తయారయ్యే సాకెట్లు ఇవాళ ప్రపంచంలో మేలైన వాటిలో ఉన్నాయి. కారణం చూస్తే మళ్లీ అదే. అక్కడ చిన్న చిన్న షాపులు పక్కపక్కనే ఉంటాయి. ఒకరు అచ్చులు చేస్తారు, ఒకరు ఫోర్జింగ్, ఒకరు పూత. పొద్దున అచ్చు పాడైతే సాయంత్రానికి పక్క సందులో కొత్తది చేయించుకోవచ్చు. స్ప్రింగ్‌ఫీల్డ్‌లో, న్యూ బ్రిటన్‌లో ఒకప్పుడు ఉన్నది సరిగ్గా ఇదే. ఇంకో న్యాయం కూడా చెప్పాలి. క్రోమ్ పూత పని ఒకప్పుడు ఈ దేశంలో పనివాళ్ల ఊపిరితిత్తుల్ని, ఊళ్ల నీళ్లని పాడుచేసింది. దాని మీద కఠినమైన నిబంధనలు రావడం సబబే. నిబంధనలు తెచ్చి, అవి లేని చోటినుంచి సరుకు తెప్పించుకోవడం మాత్రం నాకు సబబుగా అనిపించదు.

కొనేవాళ్లకి పనికొచ్చే సంగతులు కొన్ని. పెట్టె మీద 200 ముక్కలు, 300 ముక్కలు అని పెద్ద అంకెలు చూసి మోసపోవద్దు. అందులో సగానికి పైగా చిన్న బిట్లు, ఎల్ ఆకారం అలెన్ కీలు ఉంటాయి. సాకెట్లు మాత్రమే లెక్కపెట్టండి. సైజుల మధ్య ఖాళీలు వదిలారేమో చూడండి, చౌక సెట్లలో రోజూ అవసరమయ్యే సైజే ఉండదు. లోపల ఆరు పలకలవే తీసుకోండి. పన్నెండు పలకలవి తుప్పుపట్టిన నట్టు మీద జారి మూలలు అరగదీస్తాయి. మేడ్ ఇన్ యూఎస్‌ఏ అని రాయాలంటే దాదాపు మొత్తం ఇక్కడే తయారై ఉండాలని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నియమం. 2021లో దాన్ని ఇంకా గట్టిగా రాశారు. ఆ మాట తప్పుగా వాడినందుకు 2006లో స్టాన్లీ కంపెనీయే 2,05,000 డాలర్ల జరిమానా కట్టింది. జెండా బొమ్మ, డిజైన్ ఇక్కడిది అనే మాట, ఇక్కడ అసెంబుల్ చేశామనే మాట, ఇవి వేరు. చిన్న అక్షరాలు చదవండి.

ఇక్కడ తయారయ్యేవి పూర్తిగా పోలేదు. ఒహాయోలోని బార్బర్టన్‌లో 1927 నుంచి ఉన్న రైట్ టూల్ ఇంకా ఫోర్జింగ్ చేస్తోంది. స్నాప్-ఆన్ మిల్వాకీలో, టెన్నెసీలో చేస్తోంది, కానీ ఆ ధర వృత్తి మెకానిక్కులకే. వాళ్లు కూడా వారం వారం వాయిదాల్లో కట్టుకుంటారు. ఆ సరుకు గొప్పది. నాకు లోటనిపించేది మధ్యలో ఉన్నది పోవడం. శనివారం పూట సొంత కారు బ్రేకులు తనే మార్చుకునే మనిషికి, మొదటి ఉద్యోగంలో చేరిన కుర్రాడికి, ఇక్కడే చేసిన మంచి సెట్టు కొనగలిగే ధరలో లేకపోవడం.

అందుకే నేను గరాజ్ సేళ్లకి వెళ్తాను. తాకట్టు దుకాణాల్లో, ఎస్టేట్ సేళ్లలో ఆ పాత సెట్లు ఇంకా దొరుకుతున్నాయి, తుప్పు పట్టినా వంట్లో సత్తువ ఉన్నవి. ఒక రాత్రి వెనిగర్‌లో నానబెట్టి, బాగా కడిగి ఆరబెట్టి, నూనె గుడ్డతో తుడిస్తే కొత్తవాటిలా మెరుస్తాయి. మా అమ్మాయికి పదహారేళ్లు. పోయిన నెల తన కారు ఆయిల్ ఈ రాచెట్‌తోనే మార్చింది. తన కారు నట్లు మిల్లీమీటర్ల (మెట్రిక్) కొలతవి కాబట్టి దానికి సరిపడే సాకెట్లు వేరే కొన్నాం, అవి తైవాన్‌వి. పిడి మాత్రం స్ప్రింగ్‌ఫీల్డ్ వాళ్లది.

ఇప్పుడు ఈ పెట్టె మీ మధ్యకి పంపిస్తున్నాను. ప్రతి ఒక్కరూ రాచెట్ చేతిలోకి తీసుకుని చెవి దగ్గర పెట్టి ఒక్కసారి వెనక్కి తిప్పండి. పిల్లలు తప్పకుండా తిప్పాలి. సాకెట్ మీద 'వీ' అక్షరం గోటితో తడిమి చూడండి. మీ గరాజ్‌లో, మీ పక్కింటి పెద్దవాళ్ల గరాజ్‌లో ఇదే గుర్తుతో 3/8 డ్రైవ్‌కి పట్టే 7/16 సాకెట్ ఎక్కడైనా కనిపిస్తే దయచేసి నాకు చెప్పండి. ఎంత దూరమైనా వచ్చి తీసుకుంటాను. ఆ పెద్దాయన ఇప్పుడు కూతురి దగ్గర హ్యూస్టన్‌లో ఉంటున్నారు. దొరికిన రోజున ఆయనకి ఫోన్ చేస్తానని మాట ఇచ్చాను.